ఉత్తరంలో ఒక శబ్దం రాశారు, నాకు రెండు వినిపించాయి

ఒకాయన తన కారులో వచ్చే శబ్దం గురించి ఉత్తరం రాశారు, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. ఉత్తరం ఆరు పేజీలుంది, కుదించి చెప్తా. ఈయన దగ్గర 16 ఏళ్ల పెట్రోల్ కారు ఒకటి ఉంది, 8 నెలల కింద బావమరిది దగ్గర కొన్నారు, అంటే భార్య తమ్ముడు. మొదట్లో ఏ గొడవా లేదు. తర్వాత నడుపుతుంటే సన్నగా గుయ్‌మని ఒక కూత మొదలైంది, యాక్సిలరేటర్ తొక్కితే ఆ కూత పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది, రాత్రి లైట్లు వేస్తే ఇంకాస్త గట్టిగా వస్తుంది. కొన్ని రోజులు పొద్దున్నే కీ తిప్పగానే డ్యాష్‌బోర్డ్ లోపల ఎడమవైపు నుంచి టక్ టక్ టక్‌మని పది పదిహేను సెకన్లు కొట్టుకుని ఆగిపోతుంది. మొదటి ఎలక్ట్రీషియన్ ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకి చూసి బ్యాటరీ పోయిందన్నాడు, కొత్తది వేయించారు, తగ్గలేదు. రెండో ఆయన ఆల్టర్నేటర్ అన్నాడు, అంటే ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంట్ పుట్టించేది, రీకండిషన్ చేసింది వేయించారు, తగ్గకపోగా కాస్త పెరిగిందేమో అని అనుమానం. మూడో ఆయన బోనెట్ ఎత్తి చెవి ఒగ్గి విని 'ఏ శబ్దమూ లేదు సార్, మీకంత అనుమానంగా ఉంటే మొత్తం వైరింగ్ మార్చేద్దాం' అన్నాడు.

ఇంట్లో ఇంకో కథ. వాళ్లావిడకి ఆ కూత ఒక్కసారి కూడా వినపడలేదట, 'కారు చూపించింది చాలు, ముందు నీ చెవులు చూపించుకో' అంటున్నారట. ఒకసారి ఈయన 'మీ తమ్ముడు దీనికేమైనా చేయించాడేమో అడుగుదామా' అన్నందుకు 'అంటే వాడు పాడైపోయిన కారు మనకి అంటగట్టాడనా' అని రెండు రోజులు మాటల్లేవట. ఇప్పుడీయన అడిగేది ఏంటంటే వైరింగ్ మొత్తం మార్పించాలా, అమ్మేసి వదిలించుకోవాలా, బావమరిదిని మొహం మీదే అడిగెయ్యాలా, లేక నిజంగానే తన చెవుల్లోనే తేడా ఉందా.

చెవుల సంగతి ముందు తేల్చేద్దాం. మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే మూడో పేజీలో ఒక మాట, ఐదో పేజీలో ఒక మాట దొరికాయి. మూడో పేజీలో 'ఆవిడ ఎక్కితే వెనక పాప పడుకుంటుంది కాబట్టి పాటలు పెట్టం' అన్నారు. ఐదో పేజీలో 'ఆఫీసుకి ఒక్కణ్ణే వెళ్లేటప్పుడే ఎక్కువ, ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే లోపు మరీ స్పష్టంగా వినిపిస్తుంది' అన్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆవిడ ఉన్నప్పుడు పాటల సెట్ ఆఫ్‌లో ఉంటోంది, మీరు ఒక్కరే ఉన్నప్పుడు ఆన్‌లో ఉంటోంది. అంటే కూతకి కారణం ఇంజన్ దగ్గరున్నా అది మీ చెవిలో పడేది స్పీకర్లలోంచి. మూడో ఎలక్ట్రీషియన్ కూడా అంతే కదా, బయట నిలబడి బోనెట్‌లో తల పెట్టి విన్నాడు, అప్పుడు సెట్ ఆన్‌లో ఉందా లేదా ఎవరూ పట్టించుకుని ఉండరు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆవిడా అబద్ధం చెప్పట్లేదు, మీకూ భ్రమ కాదు.

ఇంకో విషయం, మీరు ఉత్తరం మొత్తం 'ఆ శబ్దం' 'ఆ శబ్దం' అని ఒక్కదానిలాగే రాశారు గానీ ఇవి రెండు. గుయ్‌మనే కూత ఇంజన్ స్పీడుతో పాటు లేస్తుంది దిగుతుంది, టక్ టక్‌మనేది ఇంజన్ స్పీడుతో సంబంధం లేకుండా పొద్దున ఒకసారి కొట్టుకుని ఆగిపోతుంది, అది కూడా మీరు కారు బయటికి తీసి పెట్టాక ఆవిడ వచ్చి ఎక్కుతారు కాబట్టి ఆవిడ చెవిన పడే అవకాశమే లేదు. రెండింటికీ ఒకే కారణం వెతికితే ఎన్నాళ్లైనా దొరకదు, ఎందుకంటే ఒకదానికి సరిపోయిన కారణం రెండోదానికి సరిపోదు, అప్పుడు ఇక మొత్తం వైరింగ్ మార్చడమే దిక్కు అనిపిస్తుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు.

ఈ రెండింటికంటే ముందు నాకు భయమేసిన సంగతి ఒకటుంది, మీరు నాలుగో పేజీలో ఏదో జోక్ లాగా రాసి వదిలేశారు. 'మావాడు ఆంప్లిఫయర్ పెట్టిన కొత్తలో ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే పెద్దది వేసేశాడట, ఇక పోలేదని ఒకసారి నవ్వుతూ చెప్పాడు' అని, మీ బావమరిది గురించి. అది నవ్వే విషయం కాదండీ. ఫ్యూజ్ ఉన్నది స్టీరియోని కాపాడటానికి కాదు, వైరు కాలిపోకుండా ఆపడానికి. 10 ఆంపుల వైరుకి 30 ఆంపుల ఫ్యూజ్ వేస్తే ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలినరోజు ఫ్యూజ్ చల్లగా ఉంటుంది, వైరు ఎర్రగా కాలుతుంది. అందుకని మిగతావన్నీ తర్వాత, ఈరోజే ఫ్యూజ్ బాక్స్ మూత తీయండి, మూత వెనకో కారు పుస్తకంలోనో ఏ గుంటలో ఎన్ని ఆంపులు అనేది బొమ్మ ఉంటుంది, దాంతో పోల్చి చూడండి. మామూలు బ్లేడ్ ఫ్యూజుల మీద నంబర్ ఉంటుంది, రంగు కూడా చెప్తుంది, 10 అయితే ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఎరుపు ఉండాల్సిన చోట ఆకుపచ్చ కనపడితే తీసి సరైనది పెట్టండి. అది వెంటనే పోయిందా, పోనివ్వండి, మళ్ళీ పెద్దది పెట్టకండి, సెట్ లేకుండా నాలుగు రోజులు తిరిగితే కొంప మునగదు.

అలాగే ఆంప్లిఫయర్‌కి బ్యాటరీ దగ్గర నుంచి నేరుగా లావుపాటి వైరు వెళ్తుంటుంది. ఆ వైరుకి బ్యాటరీ నుంచి మూరెడు దూరం లోపలే ఒక ఫ్యూజ్ ఉండాలి. డిక్కీలో ఆంప్ (అంటే ఆ ఆంప్లిఫయర్) పక్కన ఉంటే చాలదు, ఎందుకంటే మధ్యలో ఉన్న అంత పొడుగు వైరుకీ కాపలా లేనట్టే. అది ఇంజన్ గదిలోంచి లోపలికి వచ్చే చోట రేకు కంతలో రబ్బరు వాషర్ ఉందో లేదో వేలు పెట్టి తడిమి చూడండి, ఇంజన్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసేసి. రబ్బరు లేకపోతే రేకు అంచు రోజూ కాస్త కాస్త ఆ వైరు పైతొడుగుని కోస్తూ ఉంటుంది. కాలిన వాసన వచ్చినా, వైరు చేత్తో పట్టుకుంటే వేడిగా ఉన్నా, ఇక శబ్దం సంగతి వదిలేసి కారు ఆపేయండి, నెగటివ్ విప్పేసి ఎలక్ట్రీషియన్‌నే కారు దగ్గరికి పిలవండి.

సరే ఇప్పుడు కూత.

ఆల్టర్నేటర్‌లో పుట్టేది బ్యాటరీలోలా ఒకే వైపు పారే డీసీ కాదు, అటూ ఇటూ మారే ఏసీ కరెంట్. లోపల డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి, కానీ నున్నగా మారదు, సన్నటి అలలు మిగిలిపోతాయి. బ్యాటరీ ఆ అలల్ని చాలావరకు మింగేస్తుంది. మింగగా మిగిలింది ఏదో ఒక దారి దొరికితే సెట్‌లోకి దూరి స్పీకర్‌లో కూతై వస్తుంది. ఇంజన్ వేగం పెరిగితే అలలు దగ్గర దగ్గరగా వస్తాయి కాబట్టి కూత సన్నబడి పైకి లేస్తుంది. లైట్లు వేస్తే ఆల్టర్నేటర్ మీద బరువు పెరుగుతుంది, ఎర్త్ దారిలో, అంటే కరెంట్ బ్యాటరీకి తిరిగొచ్చే దారిలో, కరెంట్ పెరుగుతుంది, కూత కూడా గట్టిపడుతుంది. మీరు రాసిన మూడు లక్షణాలూ దీనికి అతికినట్టు సరిపోతున్నాయి. కాబట్టి 'ఆల్టర్నేటర్' అన్నాయన పూర్తిగా తప్పు చెప్పలేదు, కాకపోతే శబ్దం పుట్టేచోటు పట్టుకున్నాడు గానీ అది లోపలికి వస్తున్న దారి చూడలేదు. ఆల్టర్నేటర్ ఎంత మంచిదైనా కొద్దిపాటి అలలు ఉంటాయి, దారి మూసెయ్యకపోతే కూత ఉంటుంది.

ఇది నా ఊహ మాత్రమే కాబట్టి రుజువు మీరే చూసుకోండి, దీనికి పైసా ఖర్చు లేదు. కారు నిలబెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజన్ ఆన్ చేసి కొంచెం రేస్ ఇవ్వండి. కూత వస్తుందా? నిలబెట్టి రేస్ ఇస్తే రాకుండా కదులుతుంటేనే వస్తే అది కరెంటు సంగతి కాకపోవచ్చు, చక్రం బేరింగో టైరో అయ్యుంటుంది. వచ్చిందనుకోండి, అలా రేస్ ఇస్తూనే సెట్ ఆఫ్ చేయండి. టక్కున ఆగిపోయిందా, అయితే నేను చెప్పింది నిజం. ఆగకుండా అలాగే వస్తుంటే మాత్రం అది నిజంగా ఇంజన్ దగ్గర వచ్చే శబ్దం, ఆల్టర్నేటర్ బేరింగో బెల్ట్ తిప్పే ఇంకేదో పుల్లీయో, అప్పుడు బోనెట్ ఎత్తి వినాల్సిందే.

ఆగిందనే అనుకుందాం. ఇప్పుడు సెట్ ఆన్ చేసి వాల్యూమ్ పూర్తిగా సున్నాకి తిప్పండి. సున్నాలో కూడా కూత అంతే ఉంటే అది వాల్యూమ్ నాబ్ దాటాక ఎక్కడో దూరుతోంది, అంటే సెట్ నుంచి ఆంప్‌కి వెళ్లే వైర్లు, ఆంప్ ఎర్త్, ఆ పరిసరాలు. వాల్యూమ్‌తో పాటు తగ్గుతుంటే నాబ్‌కి ముందు నుంచే వస్తోంది, అంటే ఫోను, ఫోన్‌ని సెట్‌కి కలిపే ఆక్స్ వైరు, ఛార్జరు వగైరా. తర్వాత లైటర్ సాకెట్‌లో ఉన్న ఫోన్ ఛార్జర్ పీకేయండి, డ్యాష్‌క్యామ్ ఉంటే అదీ పీకేయండి. నవ్వకండి. నేను ఒకప్పుడు ఇలాంటి కూత కోసమే సీట్లు విప్పి కార్పెట్ ఎత్తి రెండు ఆదివారాలు కారులోనే కూర్చున్నా, చివరికి అది ఛార్జింగ్ పెట్టిన ఫోన్‌ని అదే టైంలో ఆక్స్ వైరుతో సెట్‌కి కలపడం వల్ల వస్తోంది. ఛార్జర్ పీకగానే నిశ్శబ్దం. పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏంటో ఆరోజు తెలిసింది.

ఛార్జర్ కాదని తేలితే అప్పుడు ఎర్త్. కారులో ప్లస్ ఒక్కటే వైరులో వెళ్తుంది, తిరిగొచ్చే దారి మొత్తం కారు బాడీయే. 16 ఏళ్ల కారులో ఆ బాడీకి బిగించిన ఎర్త్ పాయింట్ల కింద తుప్పు, పెయింటు, మట్టి. ఇంజన్‌కీ బాడీకీ మధ్య జడలాగా అల్లిన ఒక రాగి పట్టీ ఉంటుంది, కొన్ని కార్లలో మామూలు లావు వైరే ఉంటుంది, చాలామంది దాని మొహం కూడా చూడరు. ఆల్టర్నేటర్ మార్చాక కూత పెరిగిందేమో అన్నారు చూడండి, ఆ పని చేసేటప్పుడు ఇలాంటి పట్టీ ఏదైనా విప్పి సరిగ్గా బిగించలేదేమో అని నా అనుమానం. అనుమానమే, నేను చూడలేదు.

దీనికి వోల్టులు కొలిచే మామూలు మల్టీమీటర్ ఒకటి చాలు. డీసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో పుల్ల ఇంజన్ మీద పెయింటు లేని ఇనుము మీద పెట్టండి. ఇంజన్ ఆన్, హెడ్‌లైట్లు ఆన్, బ్లోయర్ ఫుల్. 0.1 వోల్టు లోపు ఉంటే బాగానే ఉంది. 0.2 దాటితే ఆ దారిలో అడ్డం ఉంది. అలాగే బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీ రేకుకి, తర్వాత ఆంప్ ఎర్త్ వైరు బిగించిన బోల్టుకి కూడా చూడండి. ఎక్కడ ఎక్కువ చూపిస్తే అక్కడ విప్పి, ఎమిరీ పేపర్‌తో తళతళలాడేలా రుద్ది, గట్టిగా బిగించండి. మీటర్ లేకపోయినా ఇంకో దారుంది. జంప్ స్టార్ట్ కేబుల్ నల్లది ఒక్కటి తీసుకుని ఒక చివర బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకో చివర ఇంజన్ మీద లావుపాటి బోల్టుకి తగిలించండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడే తగిలించాలి, బెల్టుకీ ఫ్యాన్‌కీ దూరంగా ఉండేలా చూసుకోవాలి. తర్వాత స్టార్ట్ చేసి వినండి. కూత పోయిందా, ఎర్త్ పట్టీ దొంగ దొరికినట్టే. పోకపోతే ఇంజన్ ఆపి, ఇంజన్ వైపు చివర తీసి సెట్ వెనక ఇనుప పెట్టెకో ఆంప్ బోల్టుకో తగిలించి చూడండి, కేబుల్ చాలకపోతే వేరే లావు వైరు అతుకు వేసుకోండి.

కొత్తగా వేయించిన ఆల్టర్నేటర్ మీద అనుమానం తీరాలంటే అదే మీటర్‌ని ఏసీ వోల్ట్స్‌కి తిప్పి, ఇంజన్ నడుస్తుండగా లైట్లు వేసి బ్యాటరీ రెండు కొనల మీద పెట్టండి. 0.1 చుట్టుపక్కల లేదా అంతకంటే తక్కువ చూపిస్తే డయోడ్లు బాగున్నాయి. అర వోల్టు దగ్గరికి వస్తే లోపల డయోడ్ ఒకటి పోయింది, రీకండిషన్ సరుకులో ఇది అరుదేం కాదు, వెంటనే తీసుకెళ్లి వాపసు అడగండి, మీ దగ్గర రీడింగ్ ఉంటుంది కాబట్టి గట్టిగా అడగొచ్చు. డీసీలో పెట్టి చూసినా మంచిదే, ఇంజన్ ఆపి గంటలు గడిచాక 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి.

ఒక్క మాట. మొదటాయన చేసిన పని, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకడం, ఇంకెవరైనా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. కార్లలో కంప్యూటర్ లేని రోజుల్లో అది పరీక్ష. ఇప్పుడు బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకుంటే ఆల్టర్నేటర్ వోల్టేజ్ ఎగిసిపడి ఇంజన్ కంప్యూటర్‌ని కాల్చేయగలదు, ఆల్టర్నేటర్‌లోని డయోడ్లనే పోగొట్టగలదు. లేని రోగం అంటించే పరీక్ష అది.

ఎర్తులన్నీ బాగున్నా కూత ఉంటే మిగిలింది ఆంప్ వైర్లు వేసిన తీరు. పాటల సిగ్నల్ వైరు, బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు రెండూ ఒకే గుమ్మం పట్టీ కింద కట్టగట్టి తెచ్చి ఉంటే లావుదాంట్లో అలలు సన్నదాంట్లోకి దూకుతాయి. ఒకటి కుడివైపు నుంచి, ఇంకోటి ఎడమవైపు నుంచి తేవాలి. ఇది రెండు మూడు గంటల పని, కష్టమేం కాదు గానీ విసుగు.

కూతకి మీ ముందున్న దారులు ఇవే మరి. ఎర్త్ వెతికి బాగుచేయడం, దీనికి ఓపిక కావాలి, డబ్బు పెద్దగా అక్కర్లేదు, పైగా ఎర్త్ బాగైతే స్టార్టింగ్, లైట్ల వెలుతురు కూడా మెరుగవుతాయి. వైరు మధ్యలో నాయిస్ ఫిల్టర్ పెట్టించడం, ఇది అరగంటలో అయిపోతుంది, కూత తగ్గొచ్చు కూడా, కానీ తుప్పుపట్టిన ఎర్త్ అక్కడే ఉంటుంది, ఇంకో ఏడాదికి ఇంకో రూపంలో బయటికొస్తుంది. ఆంప్ మొత్తం పీకేసి మామూలు సెట్‌తో సరిపెట్టుకోవడం, పాటలు దడదడలాడవు గానీ దాంతోపాటు ఆ ఫ్యూజ్ భయం, వైరు భయం రెండూ పోతాయి, చిన్నపిల్ల ఉన్న ఇల్లు కాబట్టి మీ చోట నేనుంటే ఇదే చేసేవాణ్ణేమో. ఇక ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఒక దారే, ఫ్యూజులు సరిచేశాక, ఏసీ రీడింగ్ తక్కువే వచ్చాక ఆ కూత చెవికి చిరాకే తప్ప ప్రమాదం కాదు.

టక్ టక్ సంగతి చిన్నది. మీ కారులో ఏసీకి (కరెంట్ ఏసీ కాదు, చల్లగాలి ఏసీ) డిజిటల్ డిస్‌ప్లే ఉందని రాశారు, అంటే గాలి ఎటు పోవాలి, ఎంత చల్లగా ఉండాలి అనేది లోపల చిన్న చిన్న తలుపులు తిప్పి చూసుకుంటుంది, ఒక్కో తలుపుకి అరచేతిలో పట్టే మోటారు, దాంట్లో ప్లాస్టిక్ పళ్ల చక్రాలు. ఏళ్లు గడిచాక ఒక పన్ను విరుగుతుంది. కీ తిప్పగానే మోటారు తలుపుని చివరిదాకా తిప్పి చూసుకోబోతుంది, విరిగిన పన్ను దగ్గర జారుతుంది, టక్, మళ్ళీ పట్టుకోబోతుంది, మళ్ళీ జారుతుంది, టక్. కొంతసేపయ్యాక ప్రయత్నం మానేస్తుంది, మీరు చెప్పిన పది పదిహేను సెకన్లు అదే. పరీక్ష సులువు, శబ్దం వస్తుండగా లోపలి గాలి, బయటి గాలి మార్చే బటన్ నొక్కండి, తర్వాత టెంపరేచర్ కింది చివర నుంచి పై చివరికి తీసుకెళ్లండి. దేనికి శబ్దం మారితే ఆ తలుపు మోటారే. ఎడమవైపు గ్లోవ్‌బాక్స్ వెనక నుంచి వస్తే చాలాసార్లు ఆ గాలి మార్చే తలుపుదే అయ్యుంటుంది, గ్లోవ్‌బాక్స్ దించి చెయ్యి పెడితే వేలికి ఆ టక్ తెలుస్తుంది. చెయ్యి పెట్టేటప్పుడు పసుపు రంగు కనెక్టర్లు గానీ పసుపు తొడుగు వైర్లు గానీ కనపడితే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి, మీటర్ పుల్ల కూడా పెట్టకూడదు.

ఆ మోటారు మార్పిస్తే అయిపోతుంది. లేదా దాని ప్లగ్ పీకేస్తే శబ్దం పోతుంది, తలుపు మాత్రం అప్పుడున్న చోటే ఉండిపోతుంది, ఎప్పుడూ బయటి గాలో ఎప్పుడూ లోపలి గాలో. ప్రమాదం లేదు, మీ ఇష్టం. ఒకవేళ టక్ టక్ బ్లోయర్ స్పీడుతో పాటు వేగం మారుతుంటే మోటారు కాదు, బ్లోయర్‌లో ఎండుటాకు పడుంటుంది, తీసేస్తే సరి. ఈ రెండూ కాకుండా ఫ్యూజ్ బాక్స్‌లోంచి వస్తుంటే ఒక్కో రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్, మీద వేలు పెట్టి చూడండి, కొట్టుకునేది వేలికి చెప్తుంది.

అన్నట్టు ఇప్పుడు మీ చెవి బాగా సాగి ఉంటుంది, అసలు రోగాలు కానివి కూడా వినపడటం మొదలవుతుంది. కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు జుయ్‌మంటే అది పెట్రోల్ పంపు, ఇంజన్ ఆపాక రేడియేటర్ ఫ్యాన్ కాసేపు తిరగడం, బండి కదిలిన కొత్తలో బ్రేకుల ఏబీఎస్ ఒకసారి గుర్‌మనడం, ఇవన్నీ మామూలే. వీటికి ఎవరి దగ్గరికీ వెళ్లకండి, వెళ్తే ఏదో ఒకటి మారుస్తారు.

వైరింగ్ మొత్తం మార్చడం గురించి నా మాట సూటిగానే చెప్తా, వద్దు. వైరింగ్ మార్చాలంటే డ్యాష్‌బోర్డ్ ఊడదీయాలి, వందల కనెక్షన్లు విప్పి మళ్ళీ కలపాలి, వాటిలో ఒక్కటి లూజుగా ఉన్నా ఇప్పుడు లేని కొత్త తంటా మొదలవుతుంది, పైగా అదే తుప్పు బోల్టుకి అదే ఎర్త్ బిగిస్తే మీ కూత మీకు ఉండనే ఉంటుంది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు ఇప్పటికే రెండు సామాన్లు మార్పించారు. ఈసారి ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే 'ఆల్టర్నేటర్ చూడండి' అనకండి, 'బ్యాటరీ చూడండి' అనకండి. ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టి, అద్దాలెక్కించి, సెట్ ఆన్ చేసి రేస్ ఇచ్చి వినిపించండి, ఆఫ్ చేసి వినిపించండి, మీ మీటర్ రీడింగులు కాగితం మీద చూపించండి. అప్పుడు ఆయన పనివాడో కాదో మీకే అర్థమైపోతుంది, విన్నాక మొదట ఎర్త్ గురించి అడిగేవాడు పనివాడు.

అమ్మడం ఎప్పుడూ చేతిలో ఉన్న దారే, కానీ ఇప్పుడు అమ్మితే కొనేవాళ్లకి ఈ కూత గురించి, ఆ పెద్ద ఫ్యూజ్ గురించి చెప్పి అమ్మాలి, చెప్తే ధర తగ్గిస్తారు, చెప్పకపోతే మీరు ఎవరి మీద అనుమానపడుతున్నారో అదే పని మీరు చేసినట్టవుతుంది. ఇంకోటి, వాళ్ల తమ్ముడి దగ్గర కొన్న కారు 8 నెలలకే అమ్మేస్తే ఇంట్లో ఆ రెండు రోజుల మౌనం ఎన్ని రోజులవుతుందో మీకే తెలియాలి. బాగుచేశాక అమ్మాలనిపిస్తే అది వేరే లెక్క.

ఇక బావమరిది. మీరు ఆయన్ని అడగాలా వద్దా అని ఒకటిన్నర పేజీ రాశారు, కారు గురించి రాసినదాంట్లో కంటే అక్కడే ఎక్కువ కొట్టివేతలున్నాయి. చూడండి, కూత గురించి అయితే అడగక్కర్లేదనేవాణ్ణి, మీరే కనిపెట్టుకోవచ్చు. కానీ ఫ్యూజ్ సంగతి ఉంది కాబట్టి ఆయనకి తెలిసినంత మీకూ తెలియాలి, ఆంప్ వైరు ఎటు నుంచి తెచ్చారు, ఎర్త్ ఎక్కడ బిగించారు, పెద్ద ఫ్యూజ్ ఏ గుంటలో పెట్టారు. ఈ మూడే అడగండి. 'ఏం చేశావ్ కారుకి' అని అడిగితే తప్పు ఒప్పుకోమన్నట్టుంటుంది, 'ఆంప్ వైరు ఏ వైపు నుంచి లాగారు' అని అడిగితే ఎవరైనా ఉత్సాహంగా చెప్తారు, తన చేత్తో పెట్టించుకున్నది కాబట్టి ఇంకా సంతోషంగా చెప్తారు. ఆయన మోసం చేశాడని నాకైతే అనిపించట్లేదు, మోసం చేసేవాడు పెద్ద ఫ్యూజ్ వేశానని నవ్వుతూ చెప్పడు కదా. తెలియక చేసింది. అడగకుండా ఉంటే గొడవ ఉండదు నిజమే, కానీ మీరు ఎర్త్ బోల్టు కోసం సగం కారు విప్పాల్సి రావచ్చు, అడిగితే ఒక ఫోన్ కాల్‌లో తేలిపోవచ్చు.

అయితే ఆయనకంటే ముందు ఆవిడకి వినిపించండి. ఏం వాదించొద్దు. పాప ఇంట్లో ఉన్నప్పుడు, కారు ఆగి ఉన్నప్పుడు, రెండు నిమిషాలు రమ్మని పక్కన కూర్చోబెట్టండి. సెట్ ఆన్ చేసి పాట ఏమీ పెట్టకుండా రేస్ ఇవ్వండి, తర్వాత సెట్ ఆవిడ చేత్తోనే ఆఫ్ చేయించండి. 'నీకెందుకు వినపడలేదో ఇప్పుడు దొరికింది, నువ్వున్నప్పుడు మనం పాటలు పెట్టం' అనండి. అప్పుడు ఫ్యూజ్ గురించి కూడా ఆవిడకే ముందు చెప్పండి, పాప కూర్చునే సీటు పక్కనుంచే ఆ లావు వైరు వెళ్తుండొచ్చని చెప్పండి. బహుశా తమ్ముడికి ఫోన్ ఆవిడే చేస్తారు, మీరు చేసే పని తప్పుతుంది. ఆవిడకి అప్పుడు కూడా వినపడకపోతే, ఉంది అలాంటి అవకాశం కూడా, మరీ సన్నటి కూత అందరి చెవికీ ఒకేలా అందదు, ఫోన్‌లో రికార్డ్ చేసి ఇంట్లో గట్టిగా పెట్టి వినిపించండి.

మళ్ళీ రాస్తే నాకు ఆరు పేజీలు వద్దండీ, ఇవి రాయండి చాలు: సెట్ ఆఫ్ చేస్తే కూత ఆగిందా, వాల్యూమ్ సున్నాలో ఉందా, ఛార్జర్ పీకితే మారిందా, నెగటివ్ నుంచి ఇంజన్‌కి, బాడీకి, ఆంప్ బోల్టుకి ఎన్ని వోల్టులు చూపించాయి, మీటర్ ఏసీ వోల్ట్స్‌లో ఎంత చూపించింది, ఫ్యూజ్ గుంటలో ఏ రంగు దొరికింది. ఒక రోజు ఒక్కటే మార్చి చూడండి, రెండు కలిపి మారిస్తే దేనివల్ల తగ్గిందో మీకూ తెలియదు నాకూ తెలియదు.